ఇంట్లో అమ్మ ఉంటే కాపీ కిందే లెక్క

ఇంగ్లండ్ సెకండరీ స్కూళ్లలో ఏళ్ల తరబడి ఒక పరీక్షా కుంభకోణం నడుస్తోంది. అక్కడి పిల్లలు పదహారేళ్లకు రాసే జీసీఎస్‌ఈలో పంజాబీ ఒక సబ్జెక్టు. ఘోరం ఏమిటంటే, ఆ పరీక్షకు కూర్చునేవాళ్లలో చాలామందికి పంజాబీ ముందే వచ్చు. పుట్టినప్పటి నుంచీ సొంత తల్లి దగ్గరే నేర్చుకున్నారట! మన దగ్గర జవాబులు ముందే తెలిస్తే పేపర్ లీకంటాం, మంత్రిని రాజీనామా చేయమంటాం. అక్కడ అన్నిటికన్నా పైదైన గ్రేడ్ 9 ఇచ్చి పంపిస్తున్నారు.

"వాళ్ల భాషే కదా, వాళ్లకి ఈజీ" అని పెదవి విరిచే పెద్దలతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. చదువంటే ఫ్రెంచి. పిల్లాడు ఏళ్ల తరబడి కష్టపడి, పారిస్‌కు రైలు టికెట్టు అడగడం దాకా వస్తాడు. ఆ రైలు ఎక్కడు, అది వేరే సంగతి. లండన్‌లో పంజాబీలు ఎక్కువగా ఉండే సౌతాల్‌లో పిల్ల తన నానమ్మను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, ఆవిడ మోకాళ్ల నొప్పిని ఇంగ్లీషులోకీ, ఆయన చెప్పిన మందుల్ని పంజాబీలోకీ మార్చి చెబుతుంది. దాన్ని చదువు అనలేం కదా, అది ఇంటిపని.

కాబట్టి ఫ్లయింగ్ స్క్వాడ్లు వేయాలి. సౌతాల్, స్మెదిక్, వుల్వర్‌హాంప్టన్ వీధుల్లో సరిగ్గా భోజనాల వేళ తలుపు కొట్టి, రొట్టె వడ్డిస్తూ ఏ భాషలో మాట్లాడుతున్నారో పట్టుకోవాలి. సౌతాల్ రైల్వే స్టేషన్‌లో ఊరిపేరు పంజాబీ లిపి గురుముఖిలో కూడా రాసి ఉంటుంది. అంటే స్లిప్పుల్ని ఏకంగా గోడలకే అంటించారు.

న్యాయం అందరికీ ఒకటే గనుక ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడే పిల్లల్ని ఇంగ్లీషు పరీక్షకు రానివ్వకూడదని కూడా నేను ప్రతిపాదించబోయాను. కానీ వాళ్లలో ఎంతోమంది పాసు కింద లెక్కయిన గ్రేడ్ 4 తెచ్చుకోలేక, పదహారు దాటాక కూడా ఆ సబ్జెక్టునే మళ్లీ చదువుతున్నారు. స్లిప్పు చేతిలో ఉండి కూడా చూడని నిజాయితీపరులు. వాళ్లను వదిలేద్దాం.

ఇక ఈ పంజాబీ స్లిప్పు నాణ్యత గురించి ఒక మాట చెప్పాలి. ఇంట్లో గడగడా మాట్లాడే పిల్లకు గురుముఖి అక్షరం రాకపోవచ్చు. వచ్చినా, రాసేది 'ఘోడా' అని, పలికేది గొంతు దించి 'కోడా' అన్నట్టు. వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం నాలుగింటికీ సమానంగా ఇరవై ఐదేసి శాతం మార్కులు. సిలబస్‌లో పర్యావరణం, పేదరికం, సోషల్ మీడియా, స్వచ్ఛంద సేవ. ఏ నానమ్మా రొట్టె కాలుస్తూ భూతాపం మీద ప్రసంగించదు. పెళ్లి అనే అంశం కూడా ఉంది లెండి, దాంట్లో మాత్రం ఇంటి కోచింగ్‌కు తిరుగుండదు.

ఆ అక్షరాలు చాలామంది నేర్చుకునేది శనాదివారాల్లో, గురుద్వారాలో. నేర్పేది సేవగా వచ్చే ఓ పెద్దమ్మ. స్కూల్లో పంజాబీ టీచరు ఉండకపోవచ్చు, పీరియడ్ ఉండకపోవచ్చు, మాట్లాడే పరీక్ష పెట్టడానికి మనిషి కోసం తల్లిదండ్రులే తిరగాల్సి రావచ్చు. ఆగస్టులో ఫలితాలు వచ్చాక మాత్రం ఆ గ్రేడ్ 9 స్కూలు లెక్కల్లోకి దర్జాగా వెళ్లి కూర్చుంటుంది. ఒక్క పౌండు ఖర్చు లేదు, ఒక్క సుద్దముక్క అరగలేదు. హెడ్మాస్టరుగారు "మా పిల్లల భాషా ప్రతిభ" అని మురిసిపోతారు. ఏప్రిల్‌లో ఈజీ సబ్జెక్టు, ఆగస్టులో ప్రతిభ! ఇంత తక్కువ పెట్టుబడితో ఇంత లాభం మన కార్పొరేట్ కాలేజీలకు కూడా ఇంకా చేతకాలేదు.

2021 జనగణనలో ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 2.9 లక్షల మంది పంజాబీయే తమ ప్రధాన భాష అన్నారు. ఇంగ్లీషు, వెల్ష్ పక్కన పెడితే పోలిష్, రొమేనియన్ తర్వాతి స్థానం దానిదే. అయినా ఏక్యూఏ అనే పరీక్షల బోర్డు పై మెట్టయిన ఏ లెవెల్లో పంజాబీని ఎత్తేస్తామంది, రాసేవాళ్లు తక్కువని. గొడవయ్యాక, 2016లో కొనసాగిస్తామంది. ఈజీ సబ్జెక్టుకు ఎగబడాల్సిన జనం ఎందుకు ఎగబడలేదో ఆ పెద్దలు ఇంకా చెప్పలేదు.

సొంతగడ్డ మీద దాని వైభవం ఇంకా చూడముచ్చట. లాహోర్‌లో వీధంతా పంజాబీ, బడి మాత్రం ఉర్దూ, ఇంగ్లీషుల్లో. మన పంజాబ్‌లో 2008లో చట్టం చేసి ఒకటి నుంచి పది దాకా తప్పనిసరి చేశారు, నేర్పని స్కూళ్లకు జరిమానా పెట్టారు. పంజాబ్‌లో పంజాబీ నేర్పడానికి జరిమానా భయం కావాలి, బర్మింగ్‌హామ్‌లో అది ఈజీ సబ్జెక్టు.

ఈ గొడవలో తెలుగువాళ్లం హాయిగా ఉన్నాం. జీసీఎస్‌ఈలో బెంగాలీ ఉంది, గుజరాతీ ఉంది, ఉర్దూ ఉంది. తెలుగు లేదు, ఆ మాటకొస్తే హిందీయే లేదు. మన పిల్లలు బుద్ధిగా స్పానిష్ తీసుకుంటారు. అమ్మానాన్నలు కూడా ముందుజాగ్రత్తగా "నాన్నా, ఫినిష్ యువర్ రైస్" అంటూ పెంచుతున్నారు. ఏ స్క్వాడు ఏ వేళ తలుపు కొట్టినా మన ఇళ్లలో ఒక్క స్లిప్పు దొరకదు.