ప్రిన్స్‌టన్ మ్యూజియాన్ని బయట నుంచే తిట్టేవాళ్లకు

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం నడిమి భాగంలో ఉండే మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ కొత్త ఆర్ట్ మ్యూజియం ఫొటో పడితే చాలు, ఎవరో ఒకరు "ఇన్ని డబ్బులు పోసి పార్కింగ్ గ్యారేజీ కట్టారేంటి" అంటారు. కింద నాలుగు నవ్వు బొమ్మలు పడతాయి, విషయం అక్కడితో అయిపోతుంది. ఆ మాటన్నవాళ్లలో సగం మంది లోపల అడుగు పెట్టలేదని నా గట్టి అనుమానం. మన అలవాటు తెలిసిందేగా. ఇండియా నుంచి అమ్మానాన్న వస్తే క్యాంపస్‌లో కంచు పులుల దగ్గర ఫొటో దిగడం, ఐస్‌క్రీమ్ తినిపించడం, ఎడిసన్‌లో భోజనానికి టైమ్ అయిపోతోందని కారెక్కడం. ప్లెయిన్స్‌బరో, వెస్ట్ విండ్సర్‌లలో ఇంతమంది తెలుగువాళ్లం ఉన్నాం. టికెట్ కూడా లేని మ్యూజియం ఇంత దగ్గర్లో పెట్టుకుని ఇదీ మన తీరు.

బయటి రూపం మీద నాకూ పెద్ద మోజు లేదు. నిలువు చారల కాంక్రీట్ పలకలు, కొంత గరుకుగా, కొంత నున్నగా. ఎండ పడితే ఆ తేడా తెలిసి గోడకు కాస్త ప్రాణం వస్తుంది. జనవరిలో మబ్బు పట్టిన రోజున చూస్తే మాత్రం బరువుగా, ముఖం ముడుచుకున్నట్టు ఉంటుంది. కానీ ఆ ఆకారానికో కారణం ఉంది. మొత్తం 1,46,000 చదరపు అడుగులు, మూడంతస్తులు, అదీ క్యాంపస్ నడిబొడ్డున. ఒకే పెట్టెలా కట్టి ఉంటే చుట్టుపక్కల రాతి భవనాలన్నీ మరుగుజ్జులైపోయేవి. అందుకే దాన్ని ఒకదాంట్లో ఒకటి చొచ్చుకుపోయే తొమ్మిది పెవిలియన్లుగా, అంటే చిన్న భవనాల్లాంటి భాగాలుగా విడగొట్టారు. ఎటువైపు నుంచి చూసినా ఒకటో రెండో కనిపిస్తాయి తప్ప అంత పెద్ద కట్టడం అని తెలియదు. ఫొటోలో బాగా రాకపోవడానికి సగం కారణం అదే.

అసలు సంగతి కింది అంతస్తులో మొదలవుతుంది. పిల్లలు క్లాసులకు వెళ్తూ అటూ ఇటూ దాటే దారులను ఈ భవనం మూసేయలేదు, తన కడుపులోంచే పోనిచ్చింది. కెమిస్ట్రీ క్లాసుకు పరుగెత్తే కుర్రాడికి కళ మీద ఆసక్తి ఉండనక్కర్లేదు. దారిలో ఏదో ఒకటి కంట పడుతుంది, ఒకరోజు ఆగుతాడు. యూనివర్సిటీలో మ్యూజియం ఉండటం వల్ల లాభం ఇదే కదా? ఊరి మ్యూజియానికి జనం పనిగట్టుకుని రావాలి. ఇక్కడ జనం ఎలాగూ ఆ దారినే పోతున్నారు, వాళ్లకు అడ్డం పడకుండా ఎదురుపడితే చాలు.

పైకి వెళ్తే ఇంకో పెద్ద నిర్ణయం కనిపిస్తుంది. గ్యాలరీలు దాదాపు అన్నీ ఒకే అంతస్తులో ఉన్నాయి (అమెరికా లెక్కలో రెండోది, మన లెక్కలో మొదటిది). పాత భవనంలో యూరప్, అమెరికా కళకు పై అంతస్తు, ఆసియా, ఆఫ్రికా, ప్రాచీన అమెరికాలకు చాలావరకు కింది అంతస్తు. ఎవరూ కావాలని అవమానించి ఉండకపోవచ్చు. కానీ మెట్లెక్కితే ఫ్రెంచి చిత్రకారుడు మోనే, మెట్లు దిగితే మాయా నాగరికత అనే అమరిక చూసేవాళ్లకు ఏం చెబుతుందో వేరే చెప్పాలా? ఇప్పుడు మోనే తామరకొలను వంతెన, మాయా పాలకుల కాలపు చాక్లెట్ పానీయం పాత్ర, చైనా నుంచి వచ్చిన గ్వాన్‌యిన్ (బౌద్ధుల కరుణామూర్తి) చెక్క విగ్రహం, అన్నీ ఒకే నేల మీద ఉన్నాయి. ఒక పెవిలియన్‌లోంచి ఇంకోదాంట్లోకి నడుస్తుంటే ఖండం మారిపోతుంది, మెట్టు మాత్రం మారదు. మోకాళ్ల నొప్పులున్న మన పెద్దవాళ్లకు ఇది ఇంకా హాయి, ఆ మాట ఏ ఆర్కిటెక్చర్ పత్రికా రాయదు.

కప్పు వైపు కూడా ఓసారి తలెత్తి చూడండి. పెద్ద హాల్లో పొరలు పొరలుగా అతికించిన చెక్క దూలాలు వరుసగా కనిపిస్తాయి. బయట కాంక్రీట్ చూసి బిగుసుకున్న మనసు అక్కడ కాస్త సడలుతుంది. ఆ చెక్కలో కొంచెం బయట కూడా కనిపించేలా చేసి ఉంటే ఈ గ్యారేజీ గోల ఉండేది కాదేమో.

నాకు గుచ్చుకునేది వేరే ఉంది. విడతలు విడతలుగా పెరుగుతూ వచ్చిన పాత మ్యూజియాన్ని 2021లో కూల్చేసి ఇది కట్టారు. పర్యావరణం గురించి విశ్వవిద్యాలయాలన్నీ గట్టిగా మాట్లాడే కాలంలో, ఉన్నదాన్ని నేలమట్టం చేసి ఇంత కాంక్రీట్ పోయడం అంత తేలిగ్గా మింగుడుపడే విషయం కాదు. లక్షా పదిహేడు వేలకు పైగా వస్తువులున్నాయి, చోటు చాలలేదు, నిజమే. అయినా కూల్చివేత గురించి జరగాల్సినంత చర్చ జరగలేదని నాకనిపిస్తుంది. మనమంతా గోడ రంగు దగ్గరే ఆగిపోయాం.

ఇక ఈ భవనాన్ని డిజైన్ చేసిన ఆర్కిటెక్ట్ డేవిడ్ అజయే. ఈ పని ఆయన సంస్థ చేతికి వచ్చింది 2018లో. 2023 జులైలో ఆయన దగ్గర పనిచేసిన ముగ్గురు మహిళలు ఫైనాన్షియల్ టైమ్స్ కథనంలో లైంగిక వేధింపుల ఆరోపణలు చేశారు, ఆయన ఖండించారు. అప్పటికి ఇక్కడ నిర్మాణం నడుస్తోంది. చివరికి 2025 అక్టోబర్ 31న తలుపులు తెరిచి, ఇరవై నాలుగు గంటలు మూయకుండా పండగ చేశారు. ఇప్పుడు కొందరు ఆయన పేరెత్తకుండా భవనాన్ని పొగుడుతున్నారు, ఇంకొందరు ఆయన పేరు వినగానే భవనాన్నే కొట్టిపారేస్తున్నారు. రెండూ నాకు నచ్చవు. ఆ ఆరోపణలు తీవ్రమైనవి, ఈ భవనం గురించి చెప్పేటప్పుడు అవీ చెప్పాలి. అలాగని ఇంత కట్టడం ఒక్క మనిషి గీస్తే లేచింది కాదు. కూపర్ రాబర్ట్‌సన్ అనే ఇంకో ఆర్కిటెక్చర్ సంస్థ పక్కన పనిచేసింది. ఏది ఎవరి పక్కన ఉండాలో ఏళ్ల తరబడి తలపట్టుకున్న మ్యూజియం సిబ్బంది ఉన్నారు, డైరెక్టర్ జేమ్స్ స్టీవర్డ్ ఉన్నారు. అన్నీ ఒకే అంతస్తులో పెట్టడంలో వాళ్ల పట్టుదల ఎంత, ఆర్కిటెక్ట్ గీత ఎంత అని ఎవరైనా వివరంగా రాస్తే చదవాలని ఉంది. మా గ్రూపులో ఆ లింక్ పడే ఆశ మాత్రం లేదు.