భవిష్యత్తు కళకు బారెడు పీఠిక

సంగీతకారుడు సంగీతం రాయాలన్న మూఢనమ్మకాన్ని తుదముట్టించిన మహానుభావుడు జర్మన్ స్వరకర్త రిచర్డ్ వాగ్నర్. 1848లో ‘లోహెన్‌గ్రిన్’ ఒపెరా (పాటలతో నడిచే నాటకం) ముగించాడు. మరుసటి ఏడాది మేలో జర్మనీలోని డ్రెస్డెన్‌లో రాజు మీద జరిగిన తిరుగుబాటులో తలదూర్చి, అరెస్టు వారంటు తప్పించుకుని స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్ చేరాడు. ఆ తర్వాత 1853 చివరిదాకా చెప్పుకోదగ్గ సంగీతమేదీ కూర్చలేదు. రాసినవన్నీ గ్రంథాలే: ‘కళ, విప్లవం’, ‘భవిష్యత్తు కళాకృతి’, ‘ఒపెరా, నాటకం’. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని గిట్టనివారు నవ్వవచ్చు. రాబోయే కళాకృతి అనే ఆ పుట్టని సోమలింగం కోసమే ప్రపంచ చరిత్ర అంతా నడిచిందని నిరూపించడం మాత్రం వాళ్ల తరమా?

ఆ నిరూపణ ఇలా సాగుతుంది. గ్రీకుల కాలంలో నాట్యం, సంగీతం, కవిత్వం అనే ముగ్గురు అక్కచెల్లెళ్లు కలిసి ఉండేవారు. తర్వాత వేరుపడి చెడిపోయారు. (కూచిపూడికి ఈ కబురు అందినట్టు లేదు. అక్కడ భామాకలాపంలో ముగ్గురూ ఒకే గజ్జె కట్టి ఆడుతూనే ఉన్నారు.) స్వరకర్త బీథోవెన్ తన తొమ్మిదో సింఫనీలో (సింఫనీ అంటే వాద్యబృందం కోసం రాసే పెద్ద కృతి) గాయకులచేత పాడించి మాటను ఆశ్రయించడంతో సింఫనీ కథ ముగిసింది. ఇంత స్పష్టంగా చెప్పినా వినకుండా మరో స్వరకర్త బ్రామ్స్ 1876లో తన మొదటి సింఫనీ వినిపించాడు. అంతటితో ఆగక మరో మూడు రాశాడు. కొందరికి చదువు అబ్బదు.

సాధనంగా ఉండవలసిన సంగీతం లక్ష్యమై కూర్చోవడం, లక్ష్యం కావలసిన నాటకం సాధనమైపోవడం ఒపెరా చేసిన మహాపరాధమని 1851లో తీర్పు వెలువడింది. 1854లో తత్వవేత్త షోపెన్‌హవర్‌ను చదివాక, వాగ్నర్‌కు సంగీతమే కళలన్నింటికీ మకుటమని తోచింది. 1870లో బీథోవెన్ మీద రాసిన వ్యాసంలో ఆ పట్టాభిషేకం కూడా జరిగింది. ఆయన మాట మార్చాడనడం అపచారం. మారింది భవిష్యత్తు.

ఒక రచన దగ్గర మాత్రం నా గురుభక్తి కుంటుపడుతుంది. తొలినాళ్లలో తనకు సాయం చేసిన యూదు ఒపెరా స్వరకర్త మేయర్‌బీర్ జాతి మొత్తాన్నీ దూషిస్తూ, సంగీతంలో యూదుల మీద 1850లో ఒక వ్యాసం రాశాడు. అప్పుడు మారుపేరు పెట్టుకున్నాడు. 1869లో సొంత పేరుతో మళ్లీ అచ్చువేశాడు. మిగతా సిద్ధాంతాలను అవసరాన్ని బట్టి సవరించుకున్న మనిషి దీన్ని సవరించలేదు.

ఇక ప్రజల కళ సంగతి. ఊరి బయట పచ్చికబయలులో చెక్కలతో నాటకశాల కట్టాలి, టికెట్టు ఉండకూడదు, వారంలో మూడు ప్రదర్శనలు ఇచ్చి దాన్ని కూల్చేయాలి అని 1850లో మిత్రుడికి ఉత్తరం రాశాడు. చివరికి నాటకశాల 1876లో బవేరియాలోని బైరాయిట్ ఊళ్లో తెరుచుకుంది. పోషకులకు ఒక్కో పత్రం 300 థేలర్లకు (అప్పటి జర్మన్ వెండి నాణేలు) అమ్మారు. అదీ చాలక బవేరియా రాజు అప్పిచ్చి ఆదుకున్నాడు. ప్రజల తరఫున జర్మనీ చక్రవర్తి స్వయంగా విచ్చేశాడు. కూల్చడానికి ఇంతవరకు ఎవరూ ముహూర్తం పెట్టలేదు.