డ్రిల్ బిట్టు గారికి ఒక విన్నపం

అయ్యా బిట్టు గారూ,

చేతి మిషన్‌లో ఉన్నంతసేపూ తమరు ఒళ్లు హూనం చేసుకుని తిరుగుతారు, కాదనం. చెక్కను తిప్పుతూ చెక్కే మిషన్, అదే లేత్, ఎక్కాక మాత్రం తమరిది కూర్చుని తినే ఉద్యోగం. చెక్క తిరుగుతుంది. టెయిల్‌స్టాక్ (చెక్కకు ఎదురుగా తమరు కూర్చునే దిమ్మె) చక్రం మేం తిప్పుతాం. తమరు బిగించిన పట్టులో, అదే చక్‌లో, కదలకుండా కూర్చుని తిన్నగా ముందుకు పోతే చాలు. ఆ ఒక్క పనే తమకు చేతకాదు.

ఏటికొప్పాక బొమ్మల అంకుడు కర్ర దగ్గర తమరు బుద్ధిమంతులే. అది మెత్తన, నార సన్నం, వేషాలు సాగవు. అదే టేకు ముక్క వలయాలు కనబడే అడ్డకోత మొహం మీద దిగమంటే? వలయాల్లో గట్టి పొర తగలగానే పక్కనున్న మెత్త పొరలోకి జారుకుంటారు. కష్టం వస్తే పక్కకు తప్పుకునే ఈ విద్య ఏ ఆఫీసులో నేర్చారో!

టేబుల్ లైటు కాడలో వైరుకు బెజ్జం పెట్టమంటే ఇటు నడిబొడ్డున దూరి, అటు పక్కింటి గుమ్మంలో తేలతారు. పోనీ అని రెండు చివర్ల నుంచీ సగం సగం తొలిస్తే, మధ్యలో ఒకరి మొహం ఒకరు చూసుకోరు. వైరు అక్కడే ఆగిపోతుంది.

అసలు గొడవంతా తొలి అడుగులోనే. కొన చెక్కకు ఆనగానే ఒక చిన్న గిరికీ కొడతారు చూడండి, అక్కడే బెజ్జం మూతి వెడల్పైపోతుంది. అందుకే ముందు మొహం చదును చేసి, ఏటవాలు అంచున్న స్క్యూ ఉలి కొనతో నట్టనడుమ చిన్న గుంట పెట్టి, పొట్టి సెంటర్ డ్రిల్లును పైలట్ కారులా తమ ముందు పంపుతున్నాం. మంత్రిగారికైనా ఇంత మర్యాద ఉండదు.

1863లో అమెరికాలో స్టీఫెన్ మోర్స్ మెలికల బిట్టుకు పేటెంట్ పుచ్చుకున్నాడు. ఆ మెలికలు పొట్టు బయటికి లాగడానికండీ, దాచుకోవడానికి కాదు. కాస్త లోతుకు పోగానే పొట్టు కుక్కుకుని పొగ పెడతారు. సరే కదా అని వెనక్కి లాగితే, చక్‌తో సహా టేపర్ (చక్ తోక దూరే, లోపలికి సన్నబడే రంధ్రం) లోంచి ఊడి చెక్కతోపాటు గిరగిరా తిరుగుతారు. లాగేటప్పుడు చక్‌ను చేత్తో అదిమి పట్టుకోవాల్సి వస్తోంది.

టెయిల్‌స్టాక్ కొన చెక్కను తిప్పే హెడ్‌స్టాక్ కొనకు ఎదురుగా లేకపోతే ఆ తప్పు తమది కాదు. మిగతాదంతా తమదే.

కనుక ఇకమీదట ముందు బెజ్జం, తర్వాతే నగిషీ. తమరు ఎటు పోతారో పోండి. ఆ బెజ్జాన్నే నడుమ అనుకుని, రెండు మూతుల్లో కోను సెంటర్లు (చెక్కను రెండు వైపులా పట్టే మొనలు) బిగించి, బయటి కొయ్యనే తమకు తగ్గట్టు చెక్కుకుంటాం.

ఇట్లు,
టెయిల్‌స్టాక్ చక్రం తిప్పే చెయ్యి