మూడు నోళ్ల డబ్బా

దసరాకు కొత్త మానిటర్ కొనాలన్న తీర్మానం మా ఇంట్లో ఏకగ్రీవంగానే నెగ్గింది కానీ, అది ఎలాంటిదై ఉండాలన్న విషయంలో మాత్రం నలుగురికి ఐదు అభిప్రాయాలు తేలాయి. ఇంటర్ చదువుతున్న మావాడికి సెకనుకు 144 సార్లు బొమ్మ మారే తెర కావాలి. అందులో ఒక్క హెర్ట్జ్ తగ్గినా గోడ చాటు శత్రువు తన కంటికి ఆనడట. మా ఆవిడకు వంటగది గుమ్మంలోంచి చూసినా సీరియల్‌లో అత్తగారి ముఖకవళికలు తెలియాలి. మా నాన్నగారికి పంచాంగంలో వర్జ్యమూ దుర్ముహూర్తమూ కళ్లజోడు మార్చకుండానే కనబడాలి. మిగిలిన రెండు అభిప్రాయాలూ నావే: తెర పెద్దదిగా ఉండాలి, ధర చిన్నదిగా ఉండాలి.

కంప్యూటర్ సామాను అనగానే సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కడం మా తరానికి అలవాటు. అక్కడ ఒక కొట్టులో కుర్రవాడు "గేమింగ్‌కా సార్, ఫ్యామిలీకా?" అని అడిగితే, "రెండింటికీ" అన్నాను. అతడు నా వంక జాలిగా చూసి, లెక్క విడమరిచాడు. మా పాత తెరలో 1920 అడ్డం, 1080 నిలువు, వెరసి 20,73,600 చుక్కలు ఉంటాయట. 4కె తెరలో 82,94,400, అంటే సరిగ్గా నాలుగింతలు. "ఇన్నింటినీ సెకనుకు 144 సార్లు మార్చాలంటే గ్రాఫిక్స్ కార్డు కూడా గట్టిది ఉండాలి సార్" అని అతడు అంటూండగానే మావాడు నా మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగి, "ఆ సంగతి సంక్రాంతికి చూద్దాం నాన్నా" అన్నాడు. నలుపు బాగా పలికే వీఏ రకం తెర పక్కనుంచి చూస్తే వెలవెలబోతుందని తెలిశాక, వంటగది గుమ్మాన్ని తలుచుకుని, పక్కనుంచి చూసినా రంగు అంతగా మారని ఐపీఎస్ రకంలో, 32 వేలు పోసి 27 అంగుళాల 4కె, 144 హెర్ట్జ్ తెరను ఆటో ఎక్కించాను.

ఇంటికి తెచ్చి వెలిగించగానే అక్షరాలు ఆవగింజలయ్యాయి. పాత 24 అంగుళాల తెరలో అంగుళానికి సుమారు 92 చుక్కలుంటే ఇందులో 163 మరి. నాన్నగారు మాట్లాడకుండా బీరువాలోంచి భూతద్దం తెచ్చి, ఆ తెరకు ఆనించి తిథి చదువుకున్నారు. సెట్టింగుల్లోకి వెళ్లి అక్షరాలను 150 శాతానికి పెంచాక ఆయన అద్దాన్ని సొరుగులో పెట్టారు గానీ, బీరువాలోకి మాత్రం తిరిగి పంపలేదు. ఆ సాయంత్రం సీరియల్ మూగగా నడిచింది. ఈ మానిటర్‌కు స్పీకర్లు లేవన్న సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. "ఏమండీ, ఆవిడ కోడల్ని తిడుతోందా, దీవిస్తోందా?" అని మా ఆవిడ అడిగింది. అటకెక్కి పాత స్పీకర్లు దించాను.

ఇక నా ముందుచూపు గురించి చెప్పాలి. కంప్యూటరూ సెట్‌టాప్ బాక్సూ ఒకే తెరకు కలపాలంటే ఒక స్విచ్ కావాలని నేను ఊహించి, బొమ్మను మోసుకొచ్చే హెచ్‌డీఎంఐ కేబుళ్లు గుచ్చడానికి మూడు నోళ్లున్న చిన్న డబ్బాను 450 రూపాయలకు కొన్నాను. మీట నొక్కితే ఆట, మళ్లీ నొక్కితే సీరియల్. దాని గురించి ఇంటికి వచ్చిన ప్రతివారికీ చెప్పాను. గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయికి కూడా.

మూడు నెలలు మహా వైభవంగా గడిచాయి. మావాడు స్నేహితులను పిలిచి "వెన్నలా జారుతోంది చూడరా" అంటే, వాళ్లు ముక్తకంఠంతో "144 అంటే 144 రా" అన్నారు. ఆట ఓడినప్పుడు నేరం ఇంటర్నెట్‌ది. ఆఫీసు పట్టికలు కిందకూ మీదకూ జరుపుతున్నప్పుడు ఆ నునుపు నా వేళ్లకు కూడా తగిలిందని ఒప్పుకోవాలి. నాన్నగారు ఒక్కరే, "ఒరేయ్, ఆ బాణం గుర్తు మోకాళ్ల నొప్పులున్నదానిలా ఆగి ఆగి నడుస్తుందేమిటిరా?" అని రెండుసార్లు అడిగారు. ఆయనకు కిందటేడే శుక్లాల ఆపరేషన్ అయింది కనుక మేము ఆ మాటను పట్టించుకోలేదు.

సంక్రాంతికి బొమ్మల కొలువు మెట్ల కోసం మా ఆవిడ మానిటర్ అట్టపెట్టెను అటక మీంచి దింపించింది. థర్మాకోల్ పైకి లాగగానే అడుగునుంచి కంప్యూటర్‌ను నేరుగా తెరకు కలిపే డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ ఒకటి, లావుపాటిది, సీలైనా విప్పనిది, జారిపడింది. మావాడి ముఖం వాడిపోయింది. వాడు పరుగున వెళ్లి సెట్టింగులు తెరిచి చూస్తే, అక్కడ నిబ్బరంగా 30 హెర్ట్జ్ అని ఉంది.

నాన్నగారు సొరుగులోని భూతద్దం తీసి నా డబ్బాను అటూ ఇటూ తిప్పారు. 4కె అని కొట్టొచ్చినట్టు అచ్చయిన చోటే, దాని కింద చీమ తలకాయంత అక్షరాలలో 30 హెర్ట్జ్ అనీ ఉంది. ఆయన అంతటితో ఊరుకుంటే బాగుండేది. మానిటర్ వెనక్కి వంగి, అద్దం ఆనించి, "ఒరేయ్, దీనికే మూడు నోళ్లున్నాయి కదరా, మళ్లీ ఈ డబ్బా ఎందుకు?" అన్నారు.

కొత్త కేబుల్ తగిలించి, 60 దగ్గర నిలిచిన అంకెను తానే 144కు మార్చి, మావాడు మౌస్ కదిపాడు. "నొప్పులు తగ్గాయి" అన్నారు నాన్నగారు. గ్రాఫిక్స్ కార్డు ప్రస్తావన ఆ పూట ఎవరూ తేలేదు. ఆ సాయంత్రం పేరంటానికి వచ్చినవాళ్లు కొలువు చూస్తుంటే, మూడో మెట్టు మీద పాములవాడి బొమ్మ ముందు బుట్టకు బదులుగా నా డబ్బా కూర్చుని ఉంది.