వచ్చేది వంద, పోయేది పది

ఇంటర్నెట్ ప్లాన్లు తయారుచేసే పెద్దల దూరదృష్టిని మన జిల్లాలవారు ఇప్పటికీ సరిగా గుర్తించలేదని నా అభిప్రాయం. కొన్ని ప్లాన్లలో డౌన్‌లోడుకు 100 ఎంబీపీఎస్ (సెకనుకు వంద మెగాబిట్లు) ఇచ్చి అప్‌లోడుకు 10తో సరిపెట్టడాన్ని పిసినారితనమని ఆడిపోసుకునేవారున్నారు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల ప్రజలకు లోకానికి చెప్పవలసినదేమీ లేదనీ, లోకం చెప్పేది బుద్ధిగా వింటే చాలుననీ ఎవరో మన గురించి ఇంత లోతుగా ఆలోచించి నిర్ణయించడం మాత్రం చిన్న విషయం కాదు.

చరిత్రే ఈ నిర్ణయానికి సహకరించడం లేదు. ఒంగోలు గిత్తలు ఎప్పుడో ఓడలెక్కి బ్రెజిల్ చేరి, అక్కడ ‘నెలోర్’ అనే పేరుతో మందలకు మందలై స్థిరపడ్డాయి. చీమకుర్తి గ్రానైటు, తీరంలోని చెరువుల రొయ్యలు నేటికీ దేశాలు దాటుతున్నాయి. పంపడమే బతుకుతెరువైన ప్రాంతానికి పుచ్చుకోవడానికే పనికొచ్చే కనెక్షన్ ఇస్తున్నారంటే, మన అలవాటు మాన్పించాలనే సదుద్దేశం ఉండే ఉంటుంది.

దీనికి శాస్త్రబలం లేకపోలేదు. టెలిఫోన్ రాగితీగ మీద నడిచిన ఏడీఎస్ఎల్ అనే పాత ఇంటర్నెట్ కాలంలో అప్‌లోడుకు 26 నుంచి 138 కిలోహెర్ట్జ్ వరకు సన్నని తరంగాల పట్టీ వదిలి, అక్కడి నుంచి 1104 దాకా ఉన్నదంతా డౌన్‌లోడుకు రాసిచ్చారు. తీగ ఇరుకు, జనం తెచ్చుకునేదే ఎక్కువ, అప్పటికది న్యాయమే. తర్వాత ఫైబరు వచ్చింది. జీపాన్ అనే ఫైబరు పద్ధతిలో ఒక ఫైబరును పంచుకునే ఇళ్లన్నిటికీ కలిపి వచ్చే దారిలో సెకనుకు 2.488 గిగాబిట్లు, పోయే దారిలో 1.244 గిగాబిట్లు ఉంటాయి. అంటే రెండుకు ఒకటి ఇవ్వడానికి ఫైబరు ఒప్పుకుంది. పదికి ఒకటి ఇచ్చే ప్లానులో మిగతా కోత ఫైబరుది కాదు, కోసినవారిది. (కొన్ని సంస్థలు రెండు వైపులా ఒకే వేగం ఇస్తున్నాయి, అటువంటి క్రమశిక్షణారాహిత్యాన్ని ఇక్కడ చర్చించను.)

ప్రభుత్వం కూడా హుందాగానే ఉంది. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కావలసిన కనీస డౌన్‌లోడ్ వేగాన్ని 2013లో 512 కేబీపీఎస్‌గా (సుమారు అర ఎంబీపీఎస్), 2023లో 2 ఎంబీపీఎస్‌గా నిర్ణయించిన నిర్వచనంలో అప్‌లోడు ఊసే లేదు. అమెరికావాళ్లు మాత్రం 2024లో డౌన్‌లోడుకు 100తో పాటు అప్‌లోడుకు 20 ఎంబీపీఎస్ ఉండాలని అనవసరంగా తలదూర్చారు.

ఈ ఏర్పాటు కుటుంబాలకు నేర్పుతున్న సంయమనాన్ని కావలిలో ఏ ఇంటికి వెళ్లినా చూడవచ్చు. డల్లాసులోని కొడుకు చొక్కా గుండీతో సహా తల్లికి స్పష్టంగా కనిపిస్తాడు. “నాయనా, బాగా కనపడతా ఉండావు” అని ఆమె మురిసిపోతుంది. “అమ్మా, నువ్వే నిలిచిపోయినావు, ముఖమంతా గళ్లుగళ్లుగా ఉంది” అంటాడతడు. ఆమె కొంగు సర్దుకుని, పాస్‌పోర్టు ఫొటోకు కూర్చున్నట్టు ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది. అదే సమయంలో పక్కగదిలో మనవరాలి ఫోను పెళ్లి ఫొటోలను తనంతట తానే పైకి పంపుతూ ఉంటే, ఉన్న పదీ దానికే చాలవు. అందినవాటికి ‘ముట్టింది’ అనే చిన్న రసీదు ఈ ఇరుకు దారిలోనే తిరిగి పోవాలి గనుక, అవి ఆలస్యమైతే వచ్చే వంద కూడా కుంటుతుంది. కాసేపటికి కొడుకూ గళ్లుగళ్లుగా మారిపోతాడు, సమానత్వం సిద్ధిస్తుంది.

ఇక ఒంగోలులో పెళ్లి వీడియో తీసిన ఫొటోగ్రాఫర్ 40 గిగాబైట్లను హైదరాబాదులోని ఎడిటరుకు పంపాలంటే, పది ఎంబీపీఎస్ మీద తొమ్మిది గంటలకు దగ్గర పడుతుంది, అదీ మధ్యలో కరెంటు పోకపోతే. అందుకే అతను హార్డ్ డిస్కును అట్టపెట్టెలో చుట్టి రాత్రి బస్సుకు పార్సిలు వేస్తాడు. బస్సు ఎనిమిది గంటలు తీసుకుంటుందనుకున్నా, అందులోది ఒక టెరాబైట్ డిస్కయితే లెక్కకు సెకనుకు సుమారు 278 మెగాబిట్లు వస్తుంది. మర్నాటి తిరుగు బస్సులోనూ అదే వేగం.