తప్పు పడ్డ రూపాయికి లక్ష ఎవరిస్తారు?

ఎర్రర్ కాయిన్ల, అంటే టంకశాలలోనే తప్పుగా అచ్చుపడ్డ నాణేల ధరలు పడిపోయాయని చెన్నైలో నాణేలు కొనే తెలుగువాళ్లు కొంతకాలంగా వాపోతున్నారు. పడిపోవాలంటే ముందు పెరిగి ఉండాలి కదా! యూట్యూబ్‌లో ‘ఈ రెండు రూపాయలు మీ ఇంట్లో ఉంటే మీరు లక్షాధికారి’ అని అరిచినవాడు ఒక్కడైనా ఆ లక్ష ఇచ్చి కొన్నాడా? చెప్పిన ధర వేరు, చేతులు మారిన ధర వేరు. ఇన్నాళ్లూ మనవాళ్లు మొదటిదాన్ని చూసి మురిశారు, ఇప్పుడు రెండోది చూసి ఏడుస్తున్నారు.

పాత నోట్లు, నాణేలు కొంటామంటూ తమ పేరు వాడుకుని కమిషన్లు, పన్నులు గుంజుతున్నారని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. ఆ దొంగల సంగతి పోలీసులకు వదిలేద్దాం. నా పేచీ నిజమైన నాణెంతోనే, నిజాయితీగా అమ్మేవాడితోనే.

టంకశాలలో యంత్రం నిమిషానికి వందల నాణేలు కొడుతుంది. ఇంకా బొమ్మ పడని ఖాళీ బిళ్ళ సరిగా కూర్చోకముందే అచ్చు దిగితే బొమ్మ పక్కకు జరుగుతుంది, అది ఆఫ్ సెంటర్. ముందు కొట్టిన నాణెం బయటపడకుండా ఇరుక్కుపోతే, దాని మీది బొమ్మ తర్వాతి బిళ్ళ మీద తిరగబడి గుంటగా పడుతుంది. బజారులో లఖీ అనేది దీన్నే. ఇలా పడ్డ ఏ రెండూ ఒకేలా ఉండవు. కాబట్టి ‘ఇలాంటిది ప్రపంచంలో ఇంకోటి లేదు సార్’ అని అమ్మేవాడు అంటే అబద్ధమాడినట్టు కాదు. చిక్కంతా ఆ నిజంలోనే ఉంది. ఇంకోటి లేదు గనుక పోల్చి చూసుకోవడానికి పాత అమ్మకం ఉండదు. ఆల్బమ్‌లో దాని కోసం ఎదురుచూసే ఖాళీ గడీ ఉండదు. ఆరో జార్జి వెండి రూపాయల వరుస పూర్తి చేయాలనుకున్నవాడికి 1939 రూపాయి కావాల్సిందే, అది దొరక్క ఏళ్ల తరబడి తిరుగుతాడు. నలభై శాతం పక్కకు జరిగిన రెండు రూపాయల బిళ్ళ కోసం అలా తిరిగేవాడు ఎవడు? అది దొరక్కపోతే ముప్పై శాతం జరిగింది కొనుక్కుంటాడు, లేదా అసలు కొనడు.

2008లో బ్రిటన్ 20 పెన్సుల నాణేనికి కొత్త బొమ్మ వేశారు. సంవత్సరం అంకె వెనకవైపు నుంచి రాణి బొమ్మ ఉన్న వైపుకు మారాలి. కొన్ని నాణేలకు రాణివైపు పాత అచ్చే వాడేయడంతో రెండు వైపులా సంవత్సరం లేకుండా బయటికొచ్చాయి. ఆన్‌లైన్ వేలంలో వేల పౌండ్లు అడిగారు. అలాంటివి యాభై వేల నుంచి రెండు లక్షల దాకా ఉండొచ్చని రాయల్ మింట్ చెప్పింది. ఇప్పుడు యాభై పౌండ్ల చుట్టుపక్కల దొరుకుతాయి. 2007లో అమెరికాలో అంచు మీద అక్షరాలు పడని వాషింగ్టన్ డాలర్ కథా ఇంతే, వందల డాలర్ల దగ్గర మొదలై వారాల్లోనే యాభై దగ్గరికి దిగింది. గమనించండి, ఈ రెండూ దిగి ఒకచోట ఆగాయి. వేల సంఖ్యలో ఒకేలా ఉన్నాయి, అందరికీ తెలుసు, అందుకే ఆగాయి. ఒంటరి ఆఫ్ సెంటర్‌కు ఆగడానికి మెట్టే లేదు.

మరి అమెరికా 1955 సెంటు మాటేమిటి అంటారు ఎర్రర్ అభిమానులు. అక్షరాలు రెండుగా కనిపించే ఆ సెంటుకు దశాబ్దాలుగా మంచి ధర ఉంది, నిజమే. అది కూడా ఒక్క అచ్చు తప్పు వల్ల ఇరవై వేలకు పైగా వచ్చిన రకం, కేటలాగుల్లో సొంత వరుస ఉన్నది. టంకశాల పనితీరు నేర్పుతాయి కాబట్టి ఎర్రర్లు ముఖ్యమనే మాటా ఒప్పుకుంటాను. నేర్చుకోవడానికి ఒకటి రెండు చాలు.

ఈ మధ్య నగరంలో జరిగిన ఒక ప్రదర్శనలో నెల్లూరు కుర్రాడు, ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డులో ఉద్యోగం, తను కొన్న ఎర్రర్ నాణేన్ని అమ్మిన వ్యాపారి ముందే పెట్టి ‘తిరిగి తీసుకుంటారా అన్నా?’ అన్నాడు. ‘ఇప్పుడు మూవ్‌మెంట్ లేదు సార్, ఉంచుకోండి, పెరుగుద్ది.’ ‘పెరిగేదైతే మీరే ఉంచుకోవచ్చుగా!’ వ్యాపారి నవ్వి టీ తెప్పించాడు. డబ్బు మాత్రం తీయలేదు. ఆ బల్ల మీదే అంచు కొరికినట్టున్న రూపాయి ఒకటి ఉంది. నిజంగా టంకశాలలోనే కోత పడితే, దానికి సరిగ్గా ఎదుటివైపు అంచు కూడా మెత్తబడి చదునుగా ఉంటుంది. ఇది ఎదుటివైపు నిండుగా, గట్టిగా ఉంది. అంటే ఆకురాయి పని!

ఇంకో వింత చూడండి. సుత్తి దెబ్బతో కొట్టిన మొఘల్ రూపాయలకు బిళ్ళ కన్నా అచ్చు పెద్దది, ఊరి పేరో సంవత్సరమో అంచు దాటిపోవడం మామూలే. అక్కడ పూర్తిగా పడ్డదానికే ఎక్కువిస్తారు. యంత్రం నాణేనికి వచ్చేసరికి చెడిపోయినదానికి ఎక్కువిస్తాం. నాణెం మీద ఏం రాసుందో చదివేవాడు మొదటి బజారులో ఉంటాడు. రెండోదాంట్లో ‘ఇది ఎంతకు పోతుంది?’ అని అడిగేవాడే. ఫ్లాట్ కొన్నా, పిల్లాణ్ని కాలేజీలో చేర్చినా మనవాళ్లు వేసే ప్రశ్న ఇదే, నాణెం దగ్గర మారతారనుకోవడం అత్యాశేమో.

కానీ ఇది మద్రాసు. టంకశాల పేరుతో మింట్ స్ట్రీట్ ఉన్న ఊరు. 1808 ప్రాంతంలో ఇక్కడ కొట్టిన పావు వరహా వెండి నాణెం మీద ఒకవైపు గుడి గోపురం, రెండోవైపు విష్ణుమూర్తి, చుట్టూ తమిళం, తెలుగు అక్షరాలు. ఈస్టిండియా కంపెనీవాడికి కూడా ఈ ఊళ్లో తెలుగు లేకుండా డబ్బు చెల్లదని తెలుసు. ఇక్కడి తెలుగు ప్రత్యేకత గురించి మైకు పట్టుకుని గంటలు మాట్లాడేవాళ్లలో ఎందరు దాన్ని చేత్తో పట్టుకుని చూశారు? ఆ ప్రదర్శనలో అది ఎర్రర్ కాయిన్ల పక్క ట్రేలోనే ఉంది, అడిగినవాడు లేడు. ఉగాదికి కవి సమ్మేళనం పెట్టే సంఘాలు ఈసారి సన్మానాల శాలువాల ఖర్చు కొంత తగ్గించి, అలాంటివి నాలుగు కొని, బల్ల మీద పెట్టి పిల్లల చేత చదివించొచ్చు.