సెరిమనీ తేదీ కనుక్కోవడానికి ఏజెంటుకు డబ్బులా? ఎఫ్ఓఐ మీరే వెయ్యండి

ఆస్ట్రేలియాలోని మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో పొద్దున్నుంచి ఒక మెసేజ్ తిరుగుతోంది. సిటిజన్‌షిప్ అప్రూవ్ అయి సెరిమనీ (ప్రతిజ్ఞ చేసి పౌరసత్వం తీసుకునే కార్యక్రమం) కోసం ఎదురుచూస్తున్నవాళ్ళ తరఫున ఎఫ్ఓఐ (మన ఆర్టీఐ లాంటి, ప్రభుత్వ పత్రాలు అడిగే దరఖాస్తు) వేసి, తేదీ కనుక్కుని చెప్తారట. మనిషికి ఇంతని ఫీజు. కింద "మాక్కూడా", "మా ఇంట్లో నలుగురం" అంటూ వరసగా జవాబులు. చూస్తే ఒళ్ళు మండిపోయింది.

కేంద్ర ప్రభుత్వ శాఖలకు పెట్టే ఎఫ్ఓఐ దరఖాస్తుకు ఫీజు లేదు. 2010లోనే తీసేశారు. పోనీ తేదీ సంగతి చూద్దామా అంటే, అది ఎఫ్ఓఐలో రాదు. ఆ చట్టం కింద వచ్చేవి శాఖ దగ్గర అప్పటికే ఉన్న పత్రాలు. మీ పేరు ఇంకా ఏ సెరిమనీ జాబితాలోకీ ఎక్కకపోతే మీ తేదీ ఉన్న పత్రమే ఉండదు. ఎక్కాక ఎలాగూ ఆహ్వాన లేఖ వస్తుంది, మామూలుగా ఓ నాలుగు వారాల ముందు. మరి ఆ డబ్బు దేనికి తీసుకుంటున్నట్టు?

ఈ బేరాలు నడవడానికి కారణం ఒకటే. చెప్పాల్సినవాళ్ళు చెప్పట్లేదు. అప్రూవల్ నుంచి సెరిమనీకి ఎంత పడుతోందో పౌరసత్వం చూసే హోమ్ అఫైర్స్ శాఖ అంకెలు పెడుతుంది. నూటికి ఇంతమందికి ఇన్ని నెలల్లో అయిందని, దేశం మొత్తానికి కలిపి. మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో ఉన్న కుటుంబం ఆ అంకెతో ఏం చేసుకోవాలి? వాళ్ళ సెరిమనీ విండమ్ కౌన్సిల్ (అక్కడి మున్సిపాలిటీ) హాల్లో జరగాలి. సిడ్నీ శివారు స్కోఫీల్డ్స్‌లో ఉన్నవాళ్ళది బ్లాక్‌టౌన్‌లో జరగాలి. హాల్లో ఎన్ని కుర్చీలున్నాయి, ఏడాదికి ఎన్ని సెరిమనీలు పెడుతున్నారు, ఆ ప్రాంతంలో ఎంతమందికి అప్రూవల్ వచ్చింది, వీటి మీదే అంతా ఆధారపడి ఉంటుంది. ప్రతిజ్ఞ చేసే ఒక్కొక్కరితో ఇద్దరు చుట్టాలొస్తే మూడింతల కుర్చీలు కావాలి. కొత్త ఇళ్ళు లేస్తున్న శివార్లలో జనం పెరిగినంత వేగంగా హాళ్ళు పెరగవు. మంది తక్కువైనా రెండు మూడు నెలలకోసారైనా సెరిమనీ పెట్టాలని శాఖ నియమావళి అయిన సెరిమనీల కోడ్‌లో ఉంది. జనం కిక్కిరిసిన కౌన్సిల్‌కి అది ఏ మూలకూ చాలదు.

కౌన్సిల్‌ని అడిగితే, శాఖ పంపిన జాబితాలో ఉన్నవాళ్ళనే పిలుస్తామంటుంది. శాఖని అడిగితే, మీ కౌన్సిల్ సెరిమనీలు ఎప్పుడు పెడుతుందో దాన్నిబట్టి ఉంటుందంటుంది. రెండూ అబద్ధాలు కావు, రెండిటివల్లా ప్రయోజనమూ లేదు. అప్రూవల్ తేదీ శాఖ కంప్యూటర్లో ఉంటుంది. సెరిమనీ అయ్యాక ఎవరెవరు ప్రతిజ్ఞ చేశారో ఆ జాబితాను కౌన్సిల్ తిరిగి శాఖకే పంపుతుంది. అంటే మొదటి తేదీ, చివరి తేదీ రెండూ ఒక్కచోటే ఉన్నాయి. ఒకదాన్లోంచి ఒకటి తీసేసి, కౌన్సిల్ వారీగా నెలకోసారి వెబ్‌సైట్లో పెట్టాలి. మనం అడగాల్సిన అవసరమే రాకూడదు.

పెట్టేదాకా అడగాల్సిందే. ఎలాగో చెప్తాను, ఎవరికీ రూపాయి ఇవ్వకండి.

1982 నాటి ఎఫ్ఓఐ చట్టం సెక్షన్ 15 ప్రకారం దరఖాస్తు రాతపూర్వకంగా ఉండాలి, ఇది ఈ చట్టం కింద దరఖాస్తు అని రాయాలి, ఏ పత్రం కావాలో గుర్తుపట్టేలా చెప్పాలి, జవాబు పంపడానికి చిరునామా ఇవ్వాలి. ఈమెయిల్ చాలు. శాఖ వెబ్‌సైట్లో ఆన్‌లైన్ ఫారం కూడా ఉంది. ముందు ఆ శాఖ డిస్‌క్లోజర్ లాగ్ చూడండి. ఇంతకుముందు ఎవరికో ఇచ్చిన పత్రాలు అందులో ఉంటాయి, మీకు కావలసింది ఇప్పటికే అక్కడ ఉండొచ్చు.

మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ప్రశ్న దగ్గర. "మా సెరిమనీ ఎందుకు ఆలస్యమైంది?" అని రాస్తారు. అది ఫిర్యాదు. చట్టం పత్రం ఇస్తుంది, సంజాయిషీ ఇవ్వదు. ఇలా అడగండి: ఫలానా తేదీ నాటికి, ఫలానా లోకల్ గవర్నమెంట్ ఏరియాలో (అంటే కౌన్సిల్ పరిధిలో), కాన్ఫరల్ ద్వారా (అంటే దరఖాస్తు పెట్టి పొందే పౌరసత్వానికి) అప్రూవల్ వచ్చి ఇంకా ప్రతిజ్ఞ చేయనివాళ్ళు ఎంతమంది, వాళ్ళలో 3 నెలల లోపు, 3 నుంచి 6, 6 నుంచి 9, 9 నుంచి 12, 12 దాటి వేచి ఉన్నవాళ్ళు విడివిడిగా ఎంతమంది, గడిచిన 12 నెలల్లో అక్కడ ప్రతిజ్ఞ చేసినవాళ్ళకు అప్రూవల్ తేదీ నుంచి పట్టిన రోజుల మీడియన్ (వరసలో సరిగ్గా మధ్యన పడే అంకె) ఎంత. పోస్ట్‌కోడ్ రాయకండి, కౌన్సిల్ పేరు రాయండి. ఒక పోస్ట్‌కోడ్ రెండు కౌన్సిళ్ళలో పడొచ్చు.

ఇలాంటి పట్టిక విడిగా తయారై లేకపోయినా, మామూలుగా వాడే కంప్యూటర్ వ్యవస్థతో తీయగలిగితే తీసి ఇవ్వాలని సెక్షన్ 17 చెబుతుంది. ఆ సెక్షన్ నంబరు దరఖాస్తులోనే రాయండి. రాయకపోతే "అలాంటి పత్రం మా దగ్గర లేదు" అని సెక్షన్ 24ఏ కింద ఫైలు మూసేయడం తేలిక. ఈ వివరాలున్న నెలవారీ నివేదిక ఏదైనా ఇప్పటికే ఉంటే అదే చాలని ఇంకో వాక్యం కలపండి.

ఇంకా కొన్ని మడతపేచీలున్నాయి. 16 ఏళ్ళలోపు పిల్లలు ప్రతిజ్ఞ చేయక్కర్లేదు, మరి లెక్కలో వాళ్ళని కలిపారా లేదా అడగండి, లేకపోతే నలుగురున్న కుటుంబం ఒకచోట నాలుగు, ఇంకోచోట రెండు అవుతుంది. పిలిచినా రానివాళ్ళని విడిగా చూపమనండి, వాళ్ళని కలిపితే అంకె ఉబ్బిపోయి అసలు వేచి ఉన్నవాళ్ళెందరో తెలియదు. మంత్రి పౌరసత్వ చట్టం సెక్షన్ 26 కింద ప్రతిజ్ఞ వాయిదా వేసినవాళ్ళనీ విడిగా చూపమనండి. చిన్న కౌన్సిళ్ళలో 5 లోపు అంకెల్ని గోప్యత కోసం దాచేయొచ్చు, దాని మీద పోట్లాడి లాభం లేదు. పేర్లు, ఉద్యోగుల వివరాలు అక్కర్లేదని ముందే రాసేస్తే సగం పని తగ్గుతుంది.

"సెరిమనీలకు సంబంధించిన ఈమెయిళ్ళన్నీ" అని మాత్రం ఎప్పుడూ అడగొద్దు. పని భారం మరీ ఎక్కువని సెక్షన్ 24ఏబీ కింద నోటీసొస్తుంది. వచ్చిన 14 రోజుల్లోగా దరఖాస్తు కుదించడమో, మాట్లాడటమో, కుదించనని చెప్పడమో చేయాలి. ఊరుకుంటే మీరే ఉపసంహరించుకున్నట్టు లెక్క. ఆ ఈమెయిల్ స్పామ్‌లో పడి గడువు దాటిపోయేవాళ్ళకు తిరస్కరణ లేఖ కూడా రాదు. రోజూ స్పామ్ చూసుకోండి.

గడువులు: అందినట్టు 14 రోజుల్లో చెప్పాలి, 30 రోజుల్లో నిర్ణయం ఇవ్వాలి. ఇంకో 30 రోజులకు మీ ఒప్పుదల అడగొచ్చు, ఇవ్వడం మీ ఇష్టం. గడువు దాటినా జవాబు లేకపోతే తిరస్కరించినట్టే. అప్పుడు శాఖలో అంతర్గత సమీక్ష ఉండదు, నేరుగా ఇన్ఫర్మేషన్ కమిషనర్ దగ్గరికి వెళ్ళాలి. రాతపూర్వక తిరస్కరణ వస్తే 30 రోజుల్లో అంతర్గత సమీక్ష, లేదా 60 రోజుల్లో కమిషనర్. ఈ రెండు సమీక్షలకూ ఫీజు లేదు. పత్రాలు వెతకడానికి గంటకు 15 డాలర్లు, నిర్ణయానికి మొదటి 5 గంటలు పోను గంటకు 20 డాలర్లు వేసే అధికారం శాఖకు ఉంది. పైన చెప్పినంత చిన్నగా అడిగితే అక్కడిదాకా రాకూడదు. వచ్చినా ప్రజాప్రయోజనం చూపి తగ్గించమని అడగొచ్చు.

కౌన్సిల్ మీద వేద్దామనుకునేవాళ్ళు ఆగండి. అది రాష్ట్ర చట్టం. న్యూ సౌత్ వేల్స్‌లో దరఖాస్తుకు 30 డాలర్లు, విక్టోరియాలో 30కి పైన. ఇంతా కట్టి అడిగితే అప్రూవల్ తేదీలు కౌన్సిల్ దగ్గర ఉండవు.

ఇదంతా ఎందుకింత పట్టుదలగా చెప్తున్నానంటే, ఈ ఆలస్యం నిజంగా కొట్టేది చదువుకునే పిల్లల్ని. పీఆర్ (శాశ్వత నివాసం) ఉన్న పిల్లకు యూనివర్సిటీలో కామన్‌వెల్త్ సపోర్టెడ్ సీటు (ఖర్చులో కొంత ప్రభుత్వం భరించేది) వస్తుంది, మిగతా ఫీజు కోసం ప్రభుత్వమిచ్చే హెక్స్-హెల్ప్ అప్పు మాత్రం రాదు. సెన్సస్ డేట్ (సెమిస్టర్ నమోదు, ఫీజు ఖరారయ్యే రోజు) నాటికి పౌరసత్వం ఉండాలి. 16 నిండాక దరఖాస్తు పెట్టిన 17 ఏళ్ళ పిల్ల తనే ప్రతిజ్ఞ చేయాలి, తల్లిదండ్రులది సరిపోదు. అప్రూవల్ చేతిలో ఉండి, సెరిమనీ ఏప్రిల్‌లో పడితే, మార్చి ఆఖరున ఆ సెమిస్టర్ ఫీజంతా ఇంట్లోంచి కట్టాలి. ఆ డబ్బు తర్వాత తిరిగి రాదు. అర్జెంటు సెరిమనీ కావాలని ఆధారాలతో అడిగే దారి ఉంది. కానీ తన కౌన్సిల్లో వేచి ఉండే కాలం ఎంతో తెలిస్తేనే కదా ఎప్పుడు అడగాలో ఆ తండ్రికి తెలిసేది! ఇండియన్ పాస్‌పోర్టు గడువు అయిపోతున్నవాళ్ళదీ ఇదే బాధ. ప్రతిజ్ఞ చేసిన రోజే భారత పౌరసత్వం పోతుంది, పాస్‌పోర్టు సరెండర్ చేయాలి. ఈలోపు కొత్తది చేయించుకోవాలా, ఆగాలా? పీఆర్ ప్రయాణ గడువు 5 ఏళ్ళు అయిపోయినవాళ్ళు ఊరికి వెళ్ళి రావడానికి మళ్ళీ రిటర్న్ వీసా కొనాలి.

ఇంత జరుగుతున్నా మనవాళ్ళు అడగరు. నాకు ఏళ్ళ తరబడి ఉన్న కోపం ఇదే. "అడిగితే ఫైలు పక్కన పెడతారేమో, అప్రూవల్ రద్దు చేస్తారేమో" అంటారు. ఊళ్ళో పోస్టల్ ఆర్డర్ పెట్టి తహసీల్దార్ ఆఫీసు మీద ఆర్టీఐ వేసినవాళ్ళే ఇక్కడికొచ్చి నోరు మూసుకుంటున్నారు. ఎఫ్ఓఐ ఎందుకు అడిగారన్నది మీ హక్కుకు అడ్డం కాదని సెక్షన్ 11లోనే ఉంది. అసలు ఆర్టీఐ భారత పౌరులకే. ఇక్కడి చట్టం "ప్రతి వ్యక్తికీ" అంటుంది, పౌరసత్వం రాకముందే మీకా హక్కుంది. 2021 జనాభా లెక్కల్లో దాదాపు 59 వేల మంది ఇంట్లో తెలుగు మాట్లాడతామని రాశారు. అంతమందిలో కౌన్సిల్‌కి ఒక్కరు చొప్పున అడిగినా చాలు.

ఎఫ్ఓఐ వేసిన రోజే మీ ఫెడరల్ ఎంపీకి కూడా ఒక ఈమెయిల్ పెట్టండి. అవే అంకెలు, అదే కౌన్సిల్ పేరు. మీ రాష్ట్ర సెనేటర్‌కి పంపితే ఇంకా మంచిది. సెనేటర్లు శాఖల్ని ప్రశ్నించే సెనేట్ ఎస్టిమేట్స్‌లో ప్రశ్న వేయిస్తే శాఖ రాతపూర్వకంగా ఇచ్చే జవాబు పార్లమెంటు వెబ్‌సైట్లో పడుతుంది, అందరూ చూడొచ్చు. జవాబు మీ దగ్గరికి వస్తే గ్రూపులో పెట్టండి, తేదీతో సహా, మీ పేరూ ఈమెయిలూ కొట్టేసి.